మా వారు ఫైనాన్షియల్ కంట్రోలర్ ఎప్పుడయ్యారు?

పోయిన కార్తీకమాసంలో ఒక రాత్రి, అందరి భోజనాలూ అయ్యాక, మా అమ్మాయి ఫోను పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చోవద్దే అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, అది వేరే సంగతి. "అమ్మా, ఒక రెండు నిమిషాలు విను, ఎలా ఉందో చెప్పు" అని ఇంగ్లీషులో ఏదో చదవడం మొదలుపెట్టింది. నేను గిన్నెలు తోముతూ వింటున్నాను. ఎవరో అమ్మాయి. చిన్నప్పటి నుంచీ ఆమెకు అంకెలంటే ప్రాణం. పదేళ్ళకే వారెన్ బఫెట్ జీవితచరిత్ర చదివింది. వాళ్ళ నాన్న ఒక పెద్ద వ్యవసాయ ఎగుమతుల కంపెనీలో ఫైనాన్షియల్ కంట్రోలర్. ఆయన రోజూ రాత్రి భోజనాల దగ్గర బ్యాలెన్స్ షీట్లు విప్పి కూతురికి వివరించేవాడు. అందువల్ల ఆమెకు అమెరికాలో అకౌంటింగ్‌లో మాస్టర్స్ చెయ్యాలన్న కోరిక పుట్టింది.

"బాగుంది. ఎవరే ఆ పిల్ల?" అన్నాను.

"నేనేనమ్మా" అంది.

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మా వారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఇరవై ఆరేళ్ళుగా అదే కొట్టు, అదే కుర్చీ, కుర్చీకి మాత్రం రెండుసార్లు కొత్త నవారు వేయించారు. భోజనాల దగ్గర ఆయన బ్యాలెన్స్ షీట్లు విప్పడం నేనైతే చూడలేదు. సీజనులో ఆయన ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా మిరప ఘాటు, ఆ చొక్కా విడిగా నానబెట్టాలి. పెరుగన్నం తిని పడుకుంటారు.

అమెరికాలో పై చదువుకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలున్న ఇళ్ళలో ఈ కాగితం గురించి తెలిసే ఉంటుంది. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు, అందరూ ఎస్‌ఓపీ అనే అంటున్నారు. నువ్వెవరు, ఇంతవరకు ఏం చేశావు, ఈ చదువే ఎందుకు, మా దగ్గరే ఎందుకు అని విశ్వవిద్యాలయం అడుగుతుంది, దానికి రెండు పేజీల జవాబు. మార్కుల జాబితా ఉంటుంది, టోఫెల్ లాంటి ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది, కొన్నిచోట్ల జీమ్యాట్ అడుగుతారు, కొన్నిచోట్ల అక్కర్లేదంటారు. వాటన్నిటిలో పిల్ల గొంతు వినిపించేది ఈ ఒక్క కాగితంలోనే. ఆ కాగితాన్ని మా అమ్మాయి చేత కాకుండా, దాన్ని రెండే రెండుసార్లు చూసిన ఒక కన్సల్టెన్సీ కుర్రాడు రాసిపెట్టాడు. ఫీజులో అది కూడా కలిసే ఉందట. వారం తర్వాత దాని స్నేహితురాలు తన కాగితం పంపింది. ఆ పిల్ల కూడా పదేళ్ళకే వారెన్ బఫెట్‌ని చదివేసింది! గుంటూరు జిల్లాలో ఆ పుస్తకం ఇన్ని కాపీలు అమ్ముడుపోయిందని ఆయనకు తెలిస్తే సంతోషిస్తాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ నేను ఈ రోజు రాస్తున్నది నవ్వుకోవడానికి కాదు. ఏ చదువుకైనా దొంగ కాగితం తప్పే అనుకోండి. అయినా అకౌంట్స్ చదువుకు దొంగ కాగితం పెట్టడం నాకు మరీ విడ్డూరంగా తోస్తుంది. ఈ చదువంతా దేని గురించి? ఉన్నది ఉన్నట్టు రాయడం, రాసింది నిజమో కాదో చూడడం. ఆడిటర్ కంపెనీ లెక్కలు చూసి చివర సంతకం పెట్టేటప్పుడు ట్రూ అండ్ ఫెయిర్ అని రాస్తాడట, మా అమ్మాయే చెప్పింది. జీవితమంతా ఆ మాట మీద సంతకం పెట్టబోయే పిల్ల, ఆ చదువులో చేరడానికి రాసే మొదటి కాగితంలోనే తండ్రి ఉద్యోగం మార్చేస్తే ఎలా?

ఆ రాత్రి సంగతి ఇంకా పూర్తి కాలేదు. మా వారు హాల్లో పడుకోలేదు, వింటున్నారు. "కంట్రోలర్ అంటే ఏంటమ్మా?" అని అడిగారు. అమ్మాయి కాస్త నసిగి, "అంటే నాన్నా, కంపెనీ లెక్కలన్నీ చూసేవాళ్ళు" అంది. ఆయన నవ్వారు. "నేను చూసేదీ లెక్కలే కదా" అన్నారు. కాసేపాగి, "పోనీలే, నీకు పనికొస్తుందంటే అలాగే ఉంచు" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆ "పోనీలే" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఏ "పోనీలే" ఎలాంటిదో నాకు తెలుసు.

ఆయన పని గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే కన్సల్టెన్సీవాళ్ళు అడగలేదు. మిర్చి యార్డులో రైతు తెచ్చిన టిక్కీలు కాటా వేసి, ధర కుదిరాక, ఆ రైతుకు పట్టీ రాయాలి. తూకం ఎంత, ధర ఎంత, అందులో కమీషన్ ఎంత, హమాలీ ఎంత, ముందు తీసుకున్న అప్పు ఉంటే అదెంత, అన్నీ పోను చేతికొచ్చేది ఎంత. ఏడాది కష్టం ఆ ఒక్క చీటీలో తేలుతుంది. సీజను రోజుల్లో అలాంటివి వరసగా రాస్తూనే ఉండాలి. ఇప్పుడు కంప్యూటరూ ట్యాలీ వచ్చాయి గానీ మా పెళ్ళయిన కొత్తలో అన్నీ పుస్తకాలే. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు, నిల్వ, పద్దు. నేను తెలుగు బీఏ చదివి కూడా ఆ మాటల్లో సగం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రోజూ జరిగింది జరిగినట్టు చిట్టాలో ఎక్కించి, అందులోంచి ఎవరి ఖాతా వాళ్ళకు ఆవర్జాలో విడదీస్తారు. కామర్సు కాలేజీల్లో జర్నల్, లెడ్జర్ అని చెప్పేది ఇదే.

ఒకసారి, అమ్మాయి మూడో నాలుగో తరగతి, ఆయన రాత్రి పదకొండు దాటినా రాలేదు. సెల్‌ఫోను తియ్యరు. పక్కింటి అన్నయ్యగారిని పంపితే కొట్లోనే ఉన్నారని తెలిసింది. నగదు పెట్టెలో రెండు వేలు ఎక్కువ వచ్చిందట. తక్కువ కాదు, ఎక్కువ! ఇంటికొచ్చాక, ఎక్కువొస్తే షావుకారుకు లాభమేగా, రేపు చూసుకోవచ్చుగా అన్నాను విసుగ్గా. "ఎక్కువొచ్చిందంటే ఎవరికో తక్కువిచ్చానన్నమాట. ఆ రైతు పొద్దున్నే ఊరెళ్ళిపోతాడు" అన్నారు. పట్టీలన్నీ మళ్ళీ కూడితే ఒకచోట దొరికింది. ఫిరంగిపురం వైపు రైతు, యార్డులోనే బస్తాల మీద పడుకుని ఉంటే లేపి ఇచ్చి వచ్చారట.

ఆ రాత్రి మా అమ్మాయి మేలుకునే ఉంది. వాళ్ళ నాన్న వచ్చేదాకా పడుకోనని మంకుపట్టు పట్టింది. అంటే దానికి అకౌంట్స్ మీద ఆసక్తి ఎక్కడ మొదలై ఉంటుందో ఆ కన్సల్టెన్సీ కుర్రాడికి తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు. నిజం ఇంత బాగుంటే, దాన్ని తీసేసి ఆ స్థానంలో ఒక కంట్రోలర్‌ని కూర్చోబెట్టారు.

మర్నాడు కన్సల్టెన్సీకి ఫోను చేసి ఈ కాగితం మాకొద్దన్నాను. అవతలి అబ్బాయి మర్యాదస్తుడే. "ఆంటీ, గుమస్తా అని రాస్తే ఫండింగ్ మీద డౌట్ వస్తుంది. ప్రొఫైల్ స్ట్రాంగ్‌గా ఉండాలి. అందరికీ ఇలాగే చేస్తాం" అన్నాడు. అందరికీ ఇలాగే చేస్తే ఎవరి ప్రొఫైలు స్ట్రాంగు అవుతుంది నాయనా అని అడగాలనిపించింది, ఊరుకున్నాను. వాళ్ళను పూర్తిగా తప్పుపట్టను. ఏ విశ్వవిద్యాలయంలో గడువు ఎప్పుడో, మార్కుల జాబితాలు ఎలా పంపాలో, మన మూడేళ్ళ బీకాంను అక్కడ ఎవరు ఒప్పుకుంటారో, ఎవరు పదహారేళ్ళ చదువు ఉండాలంటారో, ఇవన్నీ వాళ్ళే ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు మన దగ్గరా నాలుగేళ్ళ ఆనర్స్ వచ్చింది గానీ మా పిల్ల మూడేళ్ళకే పట్టా పుచ్చుకుని బయటకొచ్చింది. కొన్ని విశ్వవిద్యాలయాలు మూడేళ్ళ డిగ్రీని, కాలేజీకి న్యాక్ గ్రేడు బాగుండి మార్కులూ బాగుంటే, సరే అంటాయి. కొన్ని ససేమిరా అంటాయి. అది ముందే తెలియడం వల్ల అనవసరంగా కట్టే దరఖాస్తు ఫీజులు మిగిలాయి.

ఎస్‌ఓపీ తర్వాత సిఫారసు ఉత్తరాల వంతు వచ్చింది. ఇద్దరో ముగ్గురో లెక్చరర్లు ఈ విద్యార్థి ఇలాంటిది అని రాయాలి. పాత కాలంలో కవరులో పెట్టి సీలు వేసి పంపేవారట. ఇప్పుడు విశ్వవిద్యాలయమే లెక్చరర్ మెయిల్‌కి లింకు పంపుతుంది, ఆయన అందులో నింపాలి. కన్సల్టెన్సీవాళ్ళు ఏమన్నారంటే, సార్లకు తీరిక ఉండదు, మీరే సారు పేరుతో ఒక జీమెయిల్ తెరిచి మాకివ్వండి, మిగతాది మేం చూసుకుంటాం అని.

అంటే బతికున్న మనిషి పేరుతో మనమే ఉత్తరం రాసి మనమే సంతకం పెట్టడం. పాత రోజుల్లో దీనికి ఫోర్జరీ అని పేరు. జైలుకు పంపేవారు. ఇప్పుడు ప్యాకేజీ అంటున్నారు.

మా అమ్మాయి అకౌంటెన్సీ సారు దగ్గరికి వెళ్ళింది. ఆయన కూడా మొదట "నువ్వే రాసుకురామ్మా, చూసి పెడతాను" అన్నారు. పాపం, ఆయనకు ఏడాదికి ఎంతమంది పిల్లలు! ఇది పిల్లలు సిగ్గుపడాల్సిన విషయం కాదు, అడగడం రాకపోవడం వల్ల వచ్చిన చిక్కు. నేను దానికి చెప్పింది ఒకటే. ఉత్తరం రాసివ్వకు, నువ్వు ఆయన దగ్గర ఏ ఏడాది ఏం చదివావు, ఏ ప్రాజెక్టు చేశావు, ఎక్కడ తప్పు చేస్తే ఆయన దిద్దారు అని ఒక పేజీ జ్ఞాపకాలు రాసిచ్చి రా, ఆయనకు గుర్తొస్తుంది అని. గుర్తొచ్చింది. పది రోజులు ఆలస్యమైనా ఆయనే రాశారు. ఇంగ్లీషు గొప్పగా లేదని అమ్మాయి కొంచెం దిగులుపడింది. కన్సల్టెన్సీ ఇంగ్లీషు రాసే లెక్చరర్లు మన కాలేజీల్లో ఎంతమంది ఉన్నారు, ఆ దిగులు నాకు లేదు.

ఇంతవరకు చదివి, ఈవిడ ఎంత నిక్కచ్చి మనిషో అనుకుంటారేమో. అందుకే డబ్బు సంగతి కూడా చెప్పాలి. అక్కడ జారింది నేనే.

సీటు ఇచ్చాక విశ్వవిద్యాలయం ఐ-20 అనే కాగితం ఇస్తేనే వీసాకు వెళ్ళేది. అది ఇవ్వడానికి ముందు మొదటి ఏడాది ఫీజుకూ, అక్కడ ఉండడానికీ తినడానికీ సరిపడా డబ్బు ఉందని చూపించమంటారు. మా అమ్మాయి చూసిన చోట్ల అది 35 నుంచి 45 లక్షల దాకా ఉంది. మా దగ్గర అంత ఎక్కడిది? దానికీ ఒక మార్గం ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. డబ్బు మన ఖాతాలో కొన్నాళ్ళు పడేసి, బ్యాంకు వాళ్ళ చేత ఇంత నిల్వ ఉందని కాగితం రాయించుకున్నాక వెనక్కి తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు. లక్షకు ఇంత అని తీసుకుంటారు. మాకు ఆ ఖర్చు కూడా లేకుండా, కొట్టు షావుకారు గారే "పిల్ల చదువు కదా, నెల రోజులు నా డబ్బు మీ ఖాతాలో ఉంచుకోండి" అన్నారు. మా వారు ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు, సంతోషంగా సరే అన్నాను. ఎస్‌ఓపీ దగ్గర అంత గొడవ చేసినదాన్ని, డబ్బు దగ్గరికి వచ్చేసరికి చేబదులే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. చెక్కు పుస్తకం కూడా తీసి బల్ల మీద పెట్టాను.

ఆపింది అమ్మాయి. "అమ్మా, సత్యం కథ నీకు గుర్తుందా?" అంది.

గుర్తుండకేం. 2009 జనవరి 7. టీవీలో రోజంతా అదే. అప్పటికి ఇది ఒకటో తరగతి. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకు ఉత్తరం రాశారు, కంపెనీ పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని. పేరేమో సత్యం! ఎన్ని ఇళ్ళలో ఉద్యోగాల భయం, ఎంతమంది షేర్లు మట్టి. ఇది ఇప్పుడు కామర్సు పిల్లలకు పాఠంగా చెబుతారట. మొదట కొద్దిగా పెంచి చూపించిన లాభం, దాన్ని కప్పడానికి ఇంకొంచెం, అలా పెరిగిందని ఆయన ఉత్తరంలోనే ఉంది. "బ్యాంకులో లేని డబ్బు ఉన్నట్టు చూపించడం ఎందుకు నేరమో నేను పరీక్షలో పది మార్కులకు రాశానమ్మా" అంది అమ్మాయి.

ఖాతాలో డబ్బు నిజంగానే ఉంటుంది కదే, మన పేరే ఉంటుంది కదే అని వాదించాను. "ఆ కాగితం చూసినవాళ్ళు ఏమనుకోవాలని చూపిస్తున్నాం? ఈ డబ్బు నా చదువుకు ఉంది అని. ఉందా?" అంది. చెక్కు పుస్తకం లోపల పెట్టేశాను. షావుకారు గారికి ఏం చెప్పాలో తెలియక మా వారు రెండు రోజులు తిప్పలుపడ్డారు.

అందరూ చేసేదేగా అని మీరనొచ్చు. మా వదిన అదే అంది. "నీ కూతురొక్కటే హరిశ్చంద్రుడి మనవరాలా? అవతల పదివేల మంది అబద్ధాలతో వెళ్ళిపోతుంటే ఇది నిజం చెప్పి ఇక్కడే ఉండిపోతుంది" అంది. ఆ మాటలో నిజం లేదని నేననను. నిజం చెప్పిన పిల్లకు సీటు రావచ్చు, రాకపోవచ్చు. కానీ అబద్ధంతో వెళ్ళినవాళ్ళు చేరారు, అయిపోయింది అని కూడా కాదు. 2024లో పెన్సిల్వేనియాలోని ఒక విశ్వవిద్యాలయంలో మన దేశపు కుర్రాడు పట్టుబడ్డాడు. మార్కులు, కాగితాలు దొంగవి, అన్నిటికీ మించి ఆర్థిక సాయం కోసం బతికున్న తండ్రి చనిపోయినట్టు పత్రం పెట్టాడు. చేరిపోయాడు, చదువుతున్నాడు. ఎవరూ అడగలేదు. తనే గొప్పగా ఇంటర్నెట్‌లో పేరు లేకుండా రాసుకుంటే ఎవరో ఆరా తీశారు. అరెస్టు, తర్వాత వెనక్కి పంపడం. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పిల్లవాడి కంటే ఆ తండ్రి గుర్తొచ్చాడు. తన చావు కాగితం తను చూసి ఏమనుకుని ఉంటాడు? మా వారిని కంట్రోలర్‌ని చెయ్యడం దానితో పోలిస్తే చిన్నదే. కానీ తండ్రి ఉన్నట్టుగా ఉంటే చాలడు అనడంలో రెండూ ఒకటే జాతి.

నా కోపం పిల్లల మీద కాదు. ఇరవై రెండేళ్ళ పిల్లకు ఏం తెలుసు? మన మీదే. గుమస్తా అనే మాట రాయడానికి సిగ్గుపడడం పిల్లలకు నేర్పింది ఎవరు? పెళ్ళి సంబంధాల దగ్గర "అబ్బాయి తండ్రి వ్యాపారంలో ఉన్నారు" అని మెత్తగా చెప్పుకుంటాం. బంధువుల ఇళ్ళలో "యార్డులో చేస్తారు" అని ఆపేస్తాం, ఏం చేస్తారో చెప్పం. నేనూ చెప్పేదాన్ని కాదు. కన్సల్టెన్సీ కుర్రాడు ఆ సిగ్గుకు ఇంగ్లీషు తొడుగు వేశాడు, అంతే.

ఇంతకీ మేం ఏం చేశామంటే, ఇది కొందరికి పనికొస్తుందేమో, అమ్మాయి చేత ముందు తెలుగులో రాయించాను. ఇంగ్లీషులో రాయమంటే దాని చెయ్యి నేరుగా కన్సల్టెన్సీ వాక్యాల్లోకే వెళ్తోంది. తెలుగులో తెల్లకాగితం మీద, ఎవరో దూరపు చుట్టానికి ఉత్తరం రాసినట్టు, నువ్వు ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నావో రాయి అన్నాను. మొదటిరోజు నాలుగు ముక్కలు రాసి కొట్టేసింది. మూడో రోజుకు గానీ అసలు సంగతి రాలేదు.

అది బీకాం అయ్యాక రెండేళ్ళు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేసింది. పన్నెండు వేల జీతం. జీఎస్టీ రిటర్నులు వెయ్యడం దాని పని. నెలలో 11వ తేదీ ఒక గండం, 20వ తేదీ ఇంకో గండం. పట్నంబజారులో స్టీలు సామాన్ల కొట్టు ఆయన ఒకాయన వాళ్ళ క్లయింటు. సరుకు కొన్నప్పుడు పన్నుతో సహా డబ్బు కట్టేశాడు, బిల్లు ఉంది. కానీ అమ్మినవాడు తన రిటర్ను వెయ్యలేదు. దాంతో ఆయనకు రావాల్సిన 38,000 రూపాయల పన్ను జమ కంప్యూటర్లో కనబడదు. కనబడకపోతే తీసుకోవడానికి లేదు. అంటే అదే పన్ను మళ్ళీ చేతిలోంచి కట్టాలి. ఆ పెద్దాయన ఆఫీసుకొచ్చి, "నేను కట్టాను కదమ్మా, బిల్లు చూడు" అని అదే మాట పదిసార్లు అన్నాడట. దానికి జవాబు లేదు. అది నాలుగు నెలలు ఆ సరఫరాదారు వెంటపడి రిటర్ను వేయించింది. ఆ నాలుగు నెలల్లో ఆ మనిషి ఒక్క పెద్దాయనకే కాదు, ఇంకా చాలామందికి ఇలా చేశాడని, బిల్లుల వరసలోనే అది తెలుస్తోందని కనిపెట్టింది. దొంగ లెక్కలు ఎలా దొరుకుతాయో నేర్చుకోవాలని అప్పుడే అనిపించిందట. ఇన్నాళ్ళూ నాతో అనలేదు. నేనూ అడగలేదు, జీతం వచ్చిందా అని తప్ప.

అదీ, వాళ్ళ నాన్న రెండు వేలూ కలిపి రాసింది. గుమస్తా అనే రాసింది. ఇంగ్లీషులో దానికి సరైన మాట వెతుకుతూ క్లర్కు అందామా, బుక్‌కీపర్ అందామా అని తల్లీకూతుళ్ళం ఒక పూట వాదించుకున్నాం. బుక్‌కీపర్ దగ్గర ఆగాం. పుస్తకాన్ని కాపాడేవాడు అని అర్థం చెబితే మా వారికి నచ్చింది.

సీపీఏ పరీక్ష ఇప్పుడు హైదరాబాదులోనే రాయొచ్చు కదా, అమెరికా ఎందుకు అని అడిగినవాళ్ళున్నారు. సీఏ ఉంది, సీఎంఏ ఉంది, ఇక్కడే ఎంకాం ఉంది. నేనూ అడిగాను. అక్కడ చాలా రాష్ట్రాల్లో సీపీఏ లైసెన్సుకు మామూలు డిగ్రీకి ఉండే 120 క్రెడిట్లు చాలవు, 150 కావాలన్న నియమం చాలాకాలం ఉండేది, ఈ మాస్టర్స్ అలాంటిచోట పనికొస్తుంది అని ఏవో లెక్కలు చెప్పింది. చివరికి, "నాకు వెళ్ళాలనుందమ్మా, చూడాలనుంది, నాలుగు రూపాయలు సంపాదించాలనుంది" అంది. అది కూడా నిజమే కాబట్టి ఇంక వాదించలేదు.

ఐదు చోట్ల పెట్టింది. ఒకచోట మూడేళ్ళ డిగ్రీ చాలదన్నారు. రెండుచోట్ల కాదన్నారు, కారణం చెప్పరు. ఒకచోట ఇంకా చూస్తున్నామంటున్నారు. ఒకచోట రమ్మన్నారు, ఫీజులో కొంత తగ్గించారు కూడా. మా వదిన చెప్పినట్టు కంట్రోలర్ అని రాసి ఉంటే ఇంకో రెండు వచ్చేవేమో, ఏమో.

డబ్బుకు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోను అడిగాం. ఏడున్నర లక్షలు దాటితే హామీగా ఏదో ఒక ఆస్తి చూపించమంటారు, మాకున్నది ఈ రెండు గదుల ఇల్లే. లోను మంజూరైన ఉత్తరాన్ని కూడా డబ్బుకు రుజువుగా ఒప్పుకుంటారని ముందే తెలిసి ఉంటే షావుకారు గారి దాకా పోయేవాళ్ళమే కాదు. మా అన్నయ్య కొంత ఇస్తానన్నాడు. వట్టినే చూపించడానికి కాకుండా ఇవ్వడానికే ఇస్తున్నానని ప్రమాణపత్రం రాసిచ్చాడు. అలా రాసివ్వడానికి వీలుంది. అన్నీ కలిపినా మూడు లక్షల చిల్లర తక్కువ పడుతోంది. ఈ ఏడు కాకపోతే చేరిక తేదీ వెనక్కి జరపమని అడుగుదామనుకుంటున్నాం.

మొన్న ఆదివారం అమ్మాయి ఏడాది ఖర్చుల అంచనా ఒక కాగితం మీద వేసి వాళ్ళ నాన్న ముందు పెట్టింది. ఫీజు, ఇంటద్దె, ఇన్సూరెన్సు, టికెట్టు, వీసా ఖర్చు, అన్నీ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు తీసుకుని, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడారు. తర్వాత పెన్సిలుతో ఒక పద్దు చుట్టూ సున్నా చుట్టి కాగితం తిప్పి దానికే ఇచ్చారు. విమానం టికెట్టు రెండుచోట్ల రాసింది.